ఆడవాళ్ళు చూపించిన చోటు

నాకు కోపం జాస్తి. "నీ కోపం ముక్కు మీదనే ఉంటది బిడ్డా, తుమ్మితే రాలుతది" అనేది మా అమ్మ. డెబ్బైల మధ్యలో ఆ కోపాన్ని ప్రతి మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఒక మనిషి పనిగట్టుకుని రేపేవాడు. పటాన్‌చెరు దిక్కు అప్పుడప్పుడే లేస్తున్న షెడ్లలో ఒకదానిలో నేను ఫిట్టర్‌ని, అతను టైమాఫీసులో గుమాస్తా. వాళ్ళది సంగారెడ్డి బజార్లో తాతలనాటి దుకాణం. అతను మాత్రం నాస్తికుడు. ఇంట్లో దేవుడి గది గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. దేవుడే లేనప్పుడు ఆ ఒట్టు ఎవరి మీద పెట్టుకున్నాడో నేను అడగలేదు.

నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మంచివాడు, అదే నా కష్టం. చెడ్డవాడైతే ఒక్క మాటతో తెగతెంపులు చేసుకునేవాణ్ణి. నా దగ్గరున్న కొత్త నిబంధన అడిగి తీసుకుని, పది రోజుల్లో నాలుగు సువార్తలూ చదివేశాడు. నేను పదేళ్ళలో చూపని శ్రద్ధ చూపించాడు. పక్కన పెన్సిలు గీతలు కూడా పెట్టాడు.

"తమ్మీ, గీ నలుగురు రాసెటప్పుడు ఒకళ్లనొకళ్లు అడుగలేదా?" అన్నాడు రొట్టె తుంచుతూ. "ఒకాయన పొద్దు పొడిసినంక మీ ప్రభువు సమాధి కాడికి పోయిన్రంటడు. ఇంకొకాయన చీకటే ఉండె అంటడు. ఒక తాన ఒక్క దూత, ఇంకో తాన ఇద్దరు. పోయిన ఆడోళ్లు ఎందరో లెక్క కుదరదు. సచ్చినోడు లేచిండనే గంత పెద్ద ముచ్చట ఫస్టు చూసింది ఎవరయ్యా అంటే, ఏడ్చి ఏడ్చి ఉన్న ఆడోళ్లు. ఎవరో తర్వాత కూసొని అల్లిన కథ తమ్మీ ఇది. అల్లిక గూడ మంచిగ రాలే."

"నమ్మబుద్ధి గాకుంటె నమ్మకు. కథ అనకు."

"ఎందుకనొద్దు?"

ఆ ప్రశ్న మోసుకుని చర్చికి పోయాను, మేం దాన్ని గుడి అనేవాళ్ళం. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చెయ్యమన్నారు. చేశాను. మరునాడు మధ్యాహ్నం మళ్ళీ అదే ప్రశ్న. ఒకరోజు కోపం పట్టలేక టిఫిన్ డబ్బా నేలకేసి కొట్టాను. అతనే లేచి, దొర్లిపోయిన మూత ఏరి తెచ్చి, తన రొట్టె సగం నా ముందు పెట్టాడు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఏడాది పాటు ఇట్లాగే గడిచింది. నాకు జవాబు దొరికింది గుళ్ళోనూ కాదు, పుస్తకాల్లోనూ కాదు. మా నాన్న సమాధి గురించి మా ఊళ్ళో లేచిన తగాదాలో దొరికింది.

మా ఊరు కాజీపల్లి దారిలో ఉండేది. ఊరి చివర మా వాడ. ఊళ్ళోవాళ్ళు కిరస్తానపోళ్ల వాడ అనేవారు. నాకు పదేళ్ళప్పుడు గత్తర వచ్చింది. కలరాను మా దిక్కు గత్తర అంటారు. వాడలో మగవాళ్ళు చాలామంది ప్రాజెక్టు పనికి దూరం పోయి ఉన్నారు. మిగిలినవాళ్ళలో కొందరు మంచం పట్టారు, కొందరు భయపడి చుట్టాల ఊళ్ళకు పోయారు. నన్ను అమ్మమ్మ ఇంటికి పంపేశారు. నేను తిరిగి వచ్చేసరికి మా నాన్న లేడు. ఆయన్ని మంచం మీద మోసి, బొందలగడ్డకు తీసుకుపోయి, గడ్డపారతో తవ్వి పూడ్చింది ముగ్గురు ఆడవాళ్ళు: మా అమ్మ, మా పెద్దమ్మ, మా నాన్న చెల్లెలైన మా అత్త.

మా బొందలగడ్డకు కంచె లేదు, పేరు లేదు. ఊరి బంజరులో ఒక మూల, అంతే. చెక్క సిలువలు చెదలు తిన్నాయి, మట్టి దిబ్బలు వానలకు కరిగిపోయాయి. డెబ్బైల మధ్యలో ఆ బంజరు మొత్తం ఫ్యాక్టరీలకు ఇస్తున్నారని తెలిసింది. అక్కడ సమాధులున్నాయని తేలితే ఆ మూల వదిలేస్తారట. మా ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి అంతదూరం పోనివ్వలేదు. ఐదుగురు పెద్దమనుషులను పిలిచి పంచనామా రాసేశాడు. సదరు స్థలంలో సమాధులు లేవు, పూర్వం ఉన్నట్టు ఎరుగము అని ఐదుగురూ ఒకే మాట. అక్షరం తేడా లేదు. ఐదు చోట్లా "సమాదులు" అని దకు వత్తు లేకుండానే ఉంది.

మా అమ్మ పట్వారి ఇంటికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"ఆడోళ్ల మాట పంచనామాల రాయరమ్మా. మగోళ్లను తోలుకరా" అన్నాడు.

"మగోళ్లు గప్పుడు లేకుండె దొరా. మేమే పూడ్సినం."

"అయితే సాక్ష్యం లేనట్టే."

మా అమ్మకు ఆ స్థలం మీద ఆశ లేదు. ఆమెకు కావలసినవి రెండే. మా నాన్న గుండెల మీద ఫ్యాక్టరీ గోడ లేవకూడదు. తాను కళ్ళతో చూసి, చేతులతో చేసిన పని లేనేలేదని కాగితం మీద ఉండకూడదు. రెండోదానికే ఎక్కువ రగిలిపోయింది. నా కోపం ఎక్కణ్ణించి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

సంగారెడ్డి తాలూకా ఆఫీసుకు అర్జీ పెట్టాలి. నాకు తెలిసినవాళ్ళలో మంచిగా రాయగలవాడు ఒక్క ఆ నాస్తికుడే. అడగడానికి సిగ్గుపడ్డాను గానీ అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున, నేను గుడికి పోవాల్సిన వేళకు, సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. కూర్చోబెట్టడానికి మా ఇంట్లో విసుర్రాయి కింది రాయి తప్ప ఏమీ లేదు. దాని మీద గోనెసంచి పరిచి కూర్చోమన్నాం.

"దీని పై రాయి ఏది అమ్మా?" అన్నాడు ఊరికే.

"ఆయన కాడనే ఉన్నది" అంది మా అమ్మ. "అది నల్లరేగడి భూమి బిడ్డా, రాయి దొరకది. లోతు తవ్వ మాకు సేతగాలే. నక్కలు తోడుతయని, ఇంట్లకెళ్లి తీసుకపోయిన ఇసుర్రాయి నెత్తి దిక్కు పెట్టి మన్ను కప్పినం. అంచు ఒక తాన ఇరిగుంటది."

పెద్దమ్మ కూడా విసుర్రాయి మాటే చెప్పింది. అత్త కూడా అదే చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. ఎప్పుడు పూడ్చారని అడిగేసరికి మొదలైంది రభస. ఇంకా చీకటి అంది అమ్మ. పొద్దు పొడిసింది, నీడలు పడ్డయి అంది పెద్దమ్మ. ఎందరు పోయారంటే ముగ్గురమే అన్నారు ఇద్దరూ. నలుగురం, గడ్డపార తెచ్చిన ముసలామెను మర్సిపోయిన్రా అంది అత్త.

అతను పెన్ను మూత పెట్టేశాడు. "గిట్ల రాస్తే తాలూకాకెళ్లి తనిఖీకొచ్చే గిర్దావర్ చింపి పారేస్తడమ్మా. ముగ్గురు కలిసి జెర ఒక్క మాట అనుకోండ్రి. చీకటా, పొద్దా? ముగ్గురా, నలుగురా? ఏదన్న ఒక్కటే చెప్పుండ్రి."

మా అమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు చీకటే ఉండె బిడ్డా. ఆయన మొకం నాకు కనబడలే. అక్క ముందల పట్టింది, ఆమెకు కనబడ్డదేమో. నా కండ్లు తీసి ఆమెకెట్ల పెడ్త? నువ్వు సెప్పమన్నట్టు సెప్తే అది నీ మాటైతది, మా మాట గాదు."

అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఎంత నవ్వానంటే అత్త నా వీపు మీద ఒకటి వేసింది.

"అన్నా, నువ్విప్పుడు ఏం చేయబోయినవో ఎరికేనా? నాలుగు సువార్తలు కలుస్తలేవని ఏడాది సంది నన్ను సతాయిస్తున్నవు. అల్లేటోడైతే మొదాలు చేసే పని గదే గద! చీకటో పొద్దో ఒక్కటి చేస్తుండె. ఒక్క దూతనో ఇద్దరో ఒక మాట మీదికి తెస్తుండె. ఆడోళ్లను తీసేసి అయిదుగురు పెద్దమనుషులను నిలబెడ్తుండె, మా పట్వారి లెక్క. గా నాలుగు పుస్తకాల మీద ఎవ్వడు గా పని చెయ్యలే."

నేను ఆగలేదు. ఏడాది బాకీ ఒక్కసారి తీర్చాను. ఆ కాలంలో, ఆ దేశంలో కూడా ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువే. జనాన్ని నమ్మించాలనుకున్నవాడు ఖాళీ సమాధిని ముందు ఆడవాళ్ళ కంట పడేలా ఎందుకు రాస్తాడు? పైగా ఆ ఆడవాళ్ళు వచ్చి చెబితే, అదంతా పిచ్చి మాటలని శిష్యులే కొట్టిపారేశారట. అదీ రాసిపెట్టుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు తన గురువును ఎరుగనే ఎరుగనని మూడుసార్లు బొంకాడు. అదీ దాచలేదు. సొంత పరువు తీసుకుంటూ ఎవడైనా కథ అల్లుతాడా? ముప్పై, నలభై ఏళ్ళకు రాశారు, ఎవరికి జ్ఞాపకం ఉంటుంది అంటావు. పదిహేనేళ్ళయింది, ఇంటి విసుర్రాయి ఏ పక్క విరిగిందో మా అమ్మ మర్చిపోయిందా? ఇంకో పదిహేనేళ్ళకు మర్చిపోతుందా?

"సచ్చినోడు లేచిండనేది గీ లెక్కల ఎక్కడొస్తది?" అన్నాడు చివరికి, మెల్లగా.

"రాదు. గది నేను నమ్మిన, నువ్వు నమ్మలే. నీ ఇష్టం. గని కూసొని అల్లిన్రు అన్నవు చూడు, గా మాట వాపస్ తీసుకో."

తీసుకోలేదు. అతనూ మొండిఘటమే. పెన్ను మూత మాత్రం తీశాడు. ముగ్గురు చెప్పిన మూడు తీర్లనూ, చీకటిని చీకటిగా, పొద్దును పొద్దుగా, ఒక్క మాట మార్చకుండా రాశాడు. ఆ అర్జీ నేనే సంగారెడ్డి పోయి ఇచ్చి వచ్చాను.

నెల తిరక్కుండా గిర్దావర్ మౌకా మీదికి, ఆ జాగ కళ్ళారా చూడటానికి, వచ్చాడు. ముసలాయన, చేతిలో నల్ల గొడుగు. గుమాస్తా అన్న సెలవు పెట్టి మరీ వచ్చాడు. ఐదుగురు పెద్దమనుషుల కాగితం, ముగ్గురు ఆడవాళ్ళ కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుని గిర్దావర్ చాలాసేపు చదివాడు. మా అమ్మ మాట విన్నందుకు అంతా పోయిందేమో అని ఒక్క క్షణం నిజంగా భయపడ్డాను.

"గీ ముగ్గురిని దూరం దూరం నిలబెట్టుండ్రి. ఒక్కొక్కలు వచ్చి జాగ చూపించాలె" అన్నాడు.

పెద్దమ్మ వచ్చి ఒకచోట నిలబడింది. తర్వాతివాళ్ళకు తెలియకుండా, గిర్దావర్ అక్కడ పుల్ల గుచ్చకుండా మనసులోనే గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత అత్త వచ్చింది. తర్వాత మా అమ్మ. ముగ్గురు నిలబడిన చోట్ల మధ్య ఒక మంచం పట్టే జాగ కంటే ఎక్కువ లేదు. తవ్వమన్నాడు. మోకాలి లోతున గడ్డపార ఖంగుమంది. నేను దిగి చేతులతో మన్ను తీశాను. గుండ్రటి రాయి, నడిమధ్య రంధ్రం, ఒక పక్క అంచు విరిగి ఉంది.

కింది రాయిని పొద్దున్నే బండి మీద వేసుకుని తెచ్చాను. పై రాయిని దాని మీద పెట్టగానే నడుమ ఇనుప సీల రంధ్రంలోకి దిగింది. మా అమ్మ చెయ్యి వేసి ఒక్క చుట్టు తిప్పింది. పదిహేనేళ్ళ తర్వాత ఆ చప్పుడు విని నేను ఏడ్చాను. ఇంకా లోపల తవ్వబోతే అమ్మ అడ్డం వచ్చింది. "ఇగ సాలు. ఆయన్ని పండుకోనియ్యుండ్రి."

అవును, మా నాన్న సమాధి ఖాళీగా లేదు. ఆయన లేచే రోజు ఇంకా రావాలి, వస్తుంది. ఆ మాట ఎవరి ముందైనా అంటాను. కానీ అక్కడా ఇక్కడా చోటు చూపించింది ఆడవాళ్ళే. అక్కడా ఇక్కడా వాళ్ళ మాట ముందు ఎవరూ నమ్మలేదు.

ఆ మూల వదిలేశారు. ఫ్యాక్టరీ గోడ ఆ దగ్గర వంకర తిరిగి పోతుంది. గుమాస్తా అన్న చివరిదాకా గుడి మెట్టు ఎక్కలేదు. నా కొత్త నిబంధన తిరిగి ఇచ్చేటప్పుడు పెన్సిలు గీతలు చెరపలేదు, నేనూ చెరపలేదు. అల్లిన కథ అన్న మాట మాత్రం మళ్ళీ అతని నోట వినలేదు.

ఆ రోజు గిర్దావర్ బండి తొట్టి మీద కాగితం పెట్టుకుని కొత్త పంచనామా రాశాడు. సంతకాలకు మగవాళ్ళను పిలిచాడు. మా అమ్మ మన్నంటిన చెయ్యి చీరకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఆడోళ్లది అవసరం లేదమ్మా" అన్నాడు పట్వారి పక్కనుంచి.

"మరి సూపించింది ఎవలు దొరా?"

గిర్దావర్ పట్వారి వైపు చూడను కూడా చూడలేదు. సిరా మెత్తను ఆమె ముందుకు జరిపాడు. మా అమ్మ బొటనవేలు మెత్త మీద అద్ది, కాగితం మీద పెట్టి, చాలాసేపు తీయలేదు.

"గట్టిగనే ఒత్తిన సారూ" అంది. "మంచిగ పడ్డదా, సూడుండ్రి."