తాళం ఎవరి దగ్గరుంది

మా లారీల డిపోలో గేటు పక్క గదిలో కూర్చునే ఆయన్ని అందరూ బ్రేకు బాబాయి అంటారు. డ్రైవర్ల పనిగంటలు లెక్క చూసి, గంటలు అయిపోయినవాళ్ళని గేటు దాటనివ్వకుండా ఆపడం ఆయన ఉద్యోగం. ఆ పేరు పెట్టింది డ్రైవర్లే, కోపంతో. ఆయన మాత్రం నవ్వేసి, "బ్రేకు లేని బండెక్కుతావేంట్రా నువ్వు?" అంటాడు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి నేను ఆ డిపోలో ఊడ్చే పనికి చేరాను. ఊడుస్తూ ఆ గది గోడకి తగిలించిన పట్టీల వంక చూసేదాన్ని. ఒక్కో డ్రైవరుకి రోజుకొక పట్టీ, దాని మీద ఇరవై నాలుగు గళ్ళు. బండి నడిపితే ఒక వరసలో గీత, నడపకుండా చేసే డ్యూటీకి ఇంకో వరసలో, విశ్రాంతికి మరో వరసలో. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఆయన అది కనిపెట్టి, ఏమీ అడగకుండానే స్కేలూ పెన్సిలూ నా ముందుకి జరిపాడు. "గీతలు తిన్నగా గియ్యి అమ్మడూ, మాటల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఇప్పుడు ఆ గదిలో రెండో కుర్చీ నాది.

ఆయనా ఇరవై రెండేళ్ళు లారీ నడిపినవాడే. ఆ రోజుల్లో ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవట. చూపించడానికి ఒకటి, నిజానిది ఒకటి. పద్దెనిమిది గంటలు నడిపి, చూపించే పుస్తకంలో తొమ్మిది రాసుకున్న ఒక రోజు, కళ్ళు మూతపడి బండి కల్వర్టు గోడని గుద్దింది. అప్పట్నించీ ఎడమకాలు వంగదు. ఎలా జరిగింది బాబాయ్ అని ఎవరైనా అడిగితే, "గోడకి నా పుస్తకం చూపించాను, అది నమ్మలేదు" అంటాడు.

మా నాన్న కూడా ఆ డిపోలోనే డ్రైవరు. మాకున్న రూలు ప్రకారం పది గంటలు ఏకబిగిన విశ్రాంతి తీసుకున్నాక పదకొండు గంటలకి మించి బండి నడపకూడదు. ఏడాదిలో మూడుసార్లు రూలు తప్పితే ఆరు నెలలపాటు లైసెన్సు ఆపేస్తారు. నాన్నకి అప్పటికే రెండు పడ్డాయి. రెండూ సరుకు దింపే చోట క్యూలో ఉన్న గంటల్ని విశ్రాంతి అని రాసినందుకే.

"ఊరికే కూర్చుంటే అది పనెలా అవుతుందన్నా?" అని నాన్న వాదన.

"క్యూ కదిలినప్పుడల్లా బండిని ముందుకి జరిపిందెవరు తమ్ముడూ, మీ తాతా?" అని బాబాయి.

నాన్న దృష్టిలో చక్రం తిరిగితేనే పని.

ఆ ఏడాది వానలకి దూరంగా ఒక ఊరు నీళ్ళలో మునిగింది. సహాయ సామగ్రి తీసుకెళ్ళే లారీలకి పనిగంటల రూలు వర్తించదని ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది. నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని, మంచినీళ్ళ క్యాన్లూ దుప్పట్లూ వేసుకుని వెళ్ళాడు. చుట్టూ తిరిగి పోవాల్సి రావడంతో పద్నాలుగు గంటలు పట్టింది. అక్కడి సహాయ క్యాంపులో సరుకు దింపి, మర్నాడు పొద్దున్నే బయల్దేరి, దారిలో ఒక ఫ్యాక్టరీ దగ్గర కుర్చీల లోడు ఎక్కించుకుని వస్తుంటే చెక్‌పోస్టులో పట్టుకున్నారు. పట్టీలో ఎక్కడా విశ్రాంతి లేదు. మూడోది రాసేశారు. వారంలో విచారణకి రమ్మన్నారు.

"ఆర్డరు చూపిస్తే తీసి పక్కన పెట్టారన్నా!" నాన్న ఆ కాగితం బాబాయి బల్ల మీద పరిచాడు.

బాబాయి కళ్ళద్దాలు పైకి తోసుకుని మొత్తం చదివాడు. "వాళ్ళు చేసింది కరెక్టే. ఖాళీగా తిరిగొచ్చి ఉంటే ఇల్లు చేరేదాకా ఇది పనికొచ్చేది. కుర్చీలు ఎక్కించావు చూడు, అక్కడితో దీని పని సరి. కుర్చీలకి వరదొచ్చిందని ఎవరు ఒప్పుకుంటారు?"

నాన్న మొహం వాడిపోయింది. ఇంట్లో అమ్మ అప్పటికే అనేసింది: "ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే మీకు పిచ్చెక్కుతుంది, మిమ్మల్ని చూసి నాకెక్కుతుంది." అని, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నాన్నకి తెలిసిన పని అదొక్కటే.

మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "కొత్త పట్టీ ఒకటి గీసి పడేయండి మాస్టారూ. ఎవడు చూడొచ్చాడు?"

"నా కాలు చూసింది సార్" అన్నాడు బాబాయి. మేనేజరు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత బాబాయి నాన్న పట్టీని దగ్గరికి లాక్కున్నాడు. అందులో సాయంత్రం ఏడూ నలభై నుంచి పొద్దున ఆరుంపావు దాకా డ్యూటీ వరసలో నాన్న గీసిన గీత, పక్కన 'క్యాంపులో' అని నాన్న రాత ఉన్నాయి.

"పదిన్నర గంటలు క్యాంపులో ఏం చేశావు?"

నాన్న నేల చూపులు చూశాడు. "స్కూలు వరండాలో చోటిచ్చారు. పడుకున్నాను."

"పడుకున్నవాడివి డ్యూటీ అని రాశావేం?"

"జనం పిల్లల్ని చంకనేసుకుని నడుంలోతు నీళ్ళలోంచి వస్తున్నారన్నా. అది చూసి, నేను విశ్రాంతి తీసుకున్నానని ఎలా రాయను? చెయ్యి రాలేదు."

బాబాయి పట్టీ మీద ఆ గీత వెంబడే వేలు పోనిచ్చి చివర ఆపాడు.

"బండి తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

"క్యాంపు వాళ్ళే తీసుకున్నారు. నీళ్ళు పెరిగితే బళ్ళు పక్కకి తీయాలని. వాచ్‌మన్ భార్య అనుకుంటా, పుస్తకంలో సంతకం పెట్టించుకుంది. పొద్దున మళ్ళీ సంతకం పెట్టి తీసుకున్నాను."

బాబాయి బల్ల మీద గట్టిగా చరిచాడు. "ఒరేయ్ పిచ్చి సన్నాసీ! క్యూలో తాళం నీ దగ్గరే ఉంది, అది డ్యూటీ. అక్కడ విశ్రాంతి అని రాశావు. క్యాంపులో తాళం వాళ్ళ చేతిలో పెట్టేశావు, బండితో నీకు సంబంధం లేదు, అది విశ్రాంతి. ఇక్కడ డ్యూటీ అని రాశావు. ఒక్కటన్నా సరిగ్గా రాయవేంరా?"

అప్పుడు ఖాళీ పట్టీ ఒకటి తీసుకుని నేనూ లెక్క వేశాను. పదిన్నర గంటల విశ్రాంతి తర్వాత నాన్న చెక్‌పోస్టు దాకా నడిపింది తొమ్మిది గంటలే. రూలు తప్పలేదు.

కానీ ఇప్పుడు దిద్దితే ఎవరు నమ్ముతారు? ఆ తాళాల పుస్తకం కావాలి. క్యాంపుకి ఫోను కలవలేదు. బాబాయి రెండు రోజులు సెలవు పెట్టి, వంగని కాలుతో మూడు బస్సులు మారి వెళ్ళాడు. బస్సులో ఆ కాలు పెట్టుకోవడానికి చోటుండదు, నడిచే దారిలోకి చాపుకుని కూర్చోవాలి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తన్నుకుంటూ పోతారు. తిరిగొచ్చేసరికి పాదం వాచి చెప్పు పట్టలేదు. చేతిలో మాత్రం ఆ పేజీ నకలు, దాని మీద క్యాంపు ముద్ర ఉన్నాయి.

విచారణలో అధికారిగా ఉన్నావిడ రెండు సంతకాలూ పట్టీ మీది సంతకంతో పోల్చి చూసింది. ఎందుకలా రాశారని నాన్నని అడిగింది. నాన్న బాబాయికి చెప్పిన మాటే చెప్పాడు, ఇంకా మెల్లగా. ఆవిడ కలం కింద పెట్టి, పట్టీని నాన్న ముందుకి జరిపింది. "తప్పు గీత మీద ఒక్క అడ్డగీత కొట్టి, సరైనది పక్కన గీసి సంతకం పెట్టండి. మూడోది రద్దు చేస్తున్నాను. కానీ డ్రైవరుగారూ, నిద్రపోవడం సిగ్గుపడే విషయం కాదు."

బయటికి రాగానే మేనేజరు ఫోను. లోడు సిద్ధంగా ఉంది, తొమ్మిది గంటల దారి.

"వెళ్తానన్నా" అని నాన్న అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"ఎక్కడికి? విచారణకి రావడం కూడా డిపో పనే, పొద్దున ఐదింటికి బయల్దేరావు. ఇప్పటికి ఏడు గంటల డ్యూటీ. డ్యూటీ మొదలైన పద్నాలుగు గంటలకల్లా స్టీరింగు వదిలెయ్యాలి. ఏడూ తొమ్మిదీ ఎంతో నువ్వే కూడుకో."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ మరీనూ. ఇంటికి పో."

నాన్న నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఏదో చెప్పబోతే బాబాయి "సర్లే, భుజం ఇవ్వు, మెట్లు దిగాలి" అన్నాడు. నాన్న భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.

ఆ మధ్యాహ్నం నాన్న ఇంట్లో గురకపెట్టి నిద్రపోయాడు. అమ్మ గిన్నెల చప్పుడు కూడా కానివ్వలేదు. ఇప్పుడు బండి తీసే ముందు నాన్నే గది కిటికీ దగ్గరికొచ్చి, "అన్నా, నాకింకా ఎన్ని గంటలున్నాయి?" అని అడుగుతాడు. మా ఇంట్లో ఎవరమూ బాబాయికి సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే పని పురమాయిస్తాడు. అందుకే ఇది రాశాను.