చిక్కుడు పాదుకు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెంబెడు నీళ్లు నేలపాలైతే అవ్వ ఆ పూటంతా నాతో మాట్లాడేది కాదు. పాలు ఒలికినా అంత కోపం వచ్చేది కాదు. ఆలూరు దగ్గర మెట్ట పల్లె మాది. ఆ ఏడు అమ్మా నాయనా సుగ్గికి వెళ్లారు. అంటే ఇక్కడ పనుల్లేక దూరపు జిల్లాలకు కూలికి పోయారన్నమాట. ఇంట్లో మిగిలింది నేను, అవ్వ, మంచం పట్టిన తాత. ఇంటి వెనక చిన్న కూరగాయల మడి ఉండేది. రొట్టెలోకి ఏం కావాలన్నా మాకు అదే దిక్కు.

వినాయక చవితి వెళ్లిపోయింది గానీ వాన పడలేదు. ఊరి బావిలో బురద తేలింది. ఇంటికి ఇన్ని బిందెలని వంతు పెట్టారు. మడి గట్టున ఒక బండ ఉండేది. స్నానాలు, అంట్లు, బియ్యం కడగడం అన్నీ దాని మీదే. ఆ నీళ్లు సన్నటి కాలవలోంచి మడికి చేరాలి. నేను ముఖం కడుక్కున్నా సరే, అవ్వ ఆ నీళ్లు ఎటు పోతున్నాయో వంగి చూసేది. అయినా చాలలేదు. ముందు టమోటా మొక్కల్ని వదిలేసింది, తర్వాత వంగ మొక్కల్ని. నీళ్లు మానేసిన రోజు వాటి పక్కన కూర్చుని ఆకులు నిమిరింది. చివరికి చిక్కుడు పాదు ఒక్కటే మిగిలింది. తాత మంచాన పడకముందు తన చేత్తో నాటిన విత్తనం అది. కాస్తే అమ్మావాళ్లు తిరిగొచ్చేదాకా మాకు కూర ఉంటుంది. ఎండితే ఉప్పూ కారమే.

తాత మంచం ఆ చిక్కుడు పందిరి కిందే వేశారు. కాళ్లు రెండూ పడిపోయాయి. చేతులూ నోరూ మాత్రం బాగానే ఆడేవి. పొద్దస్తమానం నీళ్లు కావాలని పిలిచేవాడు. చెంబు ఇచ్చి నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఖాళీ అయ్యేది.

"ఇంత దప్పికేంది తాతా నీకు?" అన్నానొకసారి.

"కడుపులో కొలిమి ఉండాది పాపా. ఇంగో చెంబు తే, నీకు పుణ్యముంటాది."

ఆడుకోనివ్వడని సణుక్కుంటూ తెచ్చేదాన్ని. అవ్వ తను తాగడం తగ్గించి మరీ ఆయనకు పంపేది. ఊళ్లో పచ్చనిదంటూ కనపడని ఆ రోజుల్లో మా తీగ వాడలేదు. మొగ్గ కూడా తొడిగింది. అదంతా బండ మీది నీళ్ల చలవేనని నేను మురిసిపోయాను.

ఒక పొద్దున తాత పలకలేదు. పెదాలు పగిలిపోయి, నాలుక ఎండి తెల్లబారి ఉంది. ఆయన్ని కింద పడుకోబెట్టి మంచం పక్కకు జరిపారు. మంచం ఉన్నచోట, పాదు వైపు, నేల ఇంకా తడిగా ఉంది. వేలితో గీసినట్టు సన్నటి గాడి ఒకటి నేరుగా చిక్కుడు మొదట్లోకి పోయింది. నేను మోసిన చెంబులన్నీ ఎక్కడికి పోయాయో అప్పుడు అర్థమైంది. పెదాలు తడుపుకుని మిగతాదంతా ఆ గాడిలో పోశాడు. అవ్వ వైపు చూశాను. ఆమె ఆ గాడి కేసి చూడనే లేదు. ఆమెకు అది కొత్త కాదు.

చావు స్నానానికని ఇరుగుపొరుగు తలా ఒక చెంబు నీళ్లు తెచ్చారు. వాళ్లకూ లేనివే, తమ వంతులోంచి తెచ్చారు. మా బండ మీద అన్ని నీళ్లు ఆ ఏడు నేను చూడలేదు. ఆ నీళ్లు మడికి పోకుండా పక్కింటి పెద్దమ్మ కాలవకు మట్టి అడ్డం వేసింది. ఏడుస్తున్న అవ్వ లేచొచ్చి ఆ మట్టిని కాలితో తోసేసింది.

"ఏం మే, సావు నీళ్లు సెట్టుకు పెడతాండావా? ఆ కాయలు ఎవురు తింటారు?" అంది పెద్దమ్మ.

"మేమే తింటాం. ఇన్నాళ్లూ ఆయప్ప నోటికాడి నీళ్లు దానికే పోసినాడు. ఇవి మాత్రం యాడికి పోవల్ల?"

పెద్దమ్మ పక్కకు తప్పుకుంది. నీళ్లు గలగలా పాదులోకి పోయాయి. అవ్వ మళ్లీ వెళ్లి తాత తల దగ్గర కూర్చుంది.

వాన రాలేదు. చిక్కుడు ఒక్క విడత కాసింది. ఊళ్లో ఎవరూ ముట్టలేదు. అవ్వ మొదటి ముద్ద కాకికి పెట్టి, నాకు వడ్డించింది. నేను తిన్నాను. ఆకలి మీద రుచిగానే ఉంది. అలా రుచిగా ఉండటమే నాకు ఈనాటికీ మింగుడు పడదు. ఆ తర్వాత తీగ నిలువునా ఎండిపోతే అవ్వ పీకి పొయ్యిలో పెట్టుకుంది.

వాళ్లిద్దరూ కలిసి నన్ను బతికించాలనుకున్నారు. బతికాను. అందుకు ఆయన గొంతు ఎండాలా అని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పాదును నేనే పీకేసేదాన్ని.

ఇప్పుడు కర్నూలులో, నాలుగో అంతస్తులో, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. కుళాయి తిప్పితే నీళ్లు. మనవరాలు సగం తాగి వదిలేసిన గ్లాసును సింకులో ఒంపడానికి నాకు చెయ్యి రాదు. అది పట్టుకుని ఇల్లంతా తిరుగుతాను. అంతా నున్నటి బండలే, ఎక్కడా పిడికెడు మట్టి కనపడదు. చివరికి నేనే తాగుతాను. తాగుతున్నంతసేపూ పగిలిన ఆ పెదాలే కనపడతాయి.