టీచరుగారి హాల్లో అమ్మ చీరలు

డ్రయ్యర్ తలుపు తీయగానే వెచ్చని నూలు వాసన ముఖానికి తగులుతుంది. దాని అడుగున ఎక్కడో, ఎంత తుడిచినా పూర్తిగా వదలని గంజి వాసన ఉంటుంది. అది తగిలినప్పుడల్లా నాకు సుగుణమ్మ టీచరుగారు గుర్తొస్తారు.

గంజి పెట్టని బట్ట కట్టడం మా ఇంటా వంటా లేదు. ముత్తాత వెంకటప్పయ్యగారు పర్చూరు దగ్గర మా ఊరికి మునసబు. తాత రాఘవయ్యగారు పత్తి జిన్నింగు మిల్లు పెట్టారు. పత్తి తీతల కాలంలో చుట్టుపక్కల ఊళ్ల బండ్లన్నీ మా వాకిట్లోనే ఆగేవి. ఆయన కూర్చుంటే పంచె చప్పుడయ్యేదని చెప్పుకునేవారు. నా చేతికి వచ్చేసరికి మిల్లు లేదు, పొలం లేదు. గుంటూరులో మిర్చియార్డు వైపు ఒక చిన్న ఫ్లాటు, విత్తనాల కంపెనీలో గుమాస్తా ఉద్యోగం, తాతగారి పందిరిమంచం మిగిలాయి. ఆ టేకు మంచం హాలంతా ఆక్రమించి ఉండేది. దాని మీద ఎవరూ పడుకునేవాళ్లం కాదు, కూర్చునేవాళ్లం కాదు. ఇంటికి వచ్చినవాళ్లకు చూపించేవాళ్లం.

మిరప కోతలు మొదలైతే మా వైపు గాలిలోనే ఘాటు ఉంటుంది. బాల్కనీలో ఆరేసిన బట్ట కట్టుకుంటే ఒళ్లు మండుతుంది, దులిపితే తుమ్ములు. అమ్మకు ఉబ్బసం. బయట ఆరిన బట్ట ఇంట్లోకి తేవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక డ్రయ్యర్ కొన్నాను. ఆటో అని ఉన్న మీట నొక్కితే బట్టలు ఆరాయో లేదో అదే తెలుసుకుని ఆగుతుందన్నారు. కొన్నాళ్లు బాగానే ఆగింది. తర్వాత అమ్మ మంగళగిరి చీరలు తడితడిగా ఉండగానే అయిపోయిందని కూత పెట్టి ఆగిపోవడం మొదలుపెట్టింది. రిపేరుకు వచ్చినతను చూసి, లోపల బోర్డు మార్చాలి, వేలల్లో అవుతుందన్నాడు. నా గొంతు లేచింది. అతను సంచి సర్దుకుని మెట్లు దిగుతుంటే ఎదుటి ఫ్లాటు తలుపు తెరుచుకుంది.

ఆ ఇంట్లో సుగుణమ్మగారు ఒక్కరే ఉండేవారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. అప్పటిదాకా ఆమెతో మాకు మెట్ల మీద నమస్కారమే తప్ప రాకపోకలు లేవు. ఆ రోజు పిలవకుండానే లోపలికి వచ్చి, నేరుగా పందిరిమంచం మీద కూర్చున్నారు. అమ్మ ముఖం మాడిపోయింది.

"అది... మా మామగారి మంచమండి."

"తెలుసు వదినగారూ. మాదీ మీ ఊరే. మా నాన్న మీ మిల్లులో పత్తి బోరేలు మోసేవాడు. చిన్నప్పుడు కిటికీలోంచి చూశాను దీన్ని. ఇంకా పెద్దదనుకున్నాను సుమండీ!"

అమ్మ కాఫీ పెడతానని లేచింది. టీచరుగారు నా వైపు తిరిగారు.

"టైము పెట్టి తిప్పితే ఆరుతున్నాయా?"

"శుభ్రంగా ఆరుతున్నాయండి. ఆటోలో పెడితేనే ఈ పేచీ."

"గాలి పోయే జాలీలో బట్టల నూగు తీస్తున్నావా?"

"తీస్తున్నానండి."

"అయితే వేడికేం రోగం లేదు, గాలికీ లేదు. తడి తెలుసుకునే దగ్గరే వచ్చింది తంటా. ప్లగ్గు పీకు."

ప్లగ్గు పీకాక ఆమె తల లోపలికి పెట్టి చూశారు. తలుపుకు దగ్గరగా, లోపలి వైపున రెండు సన్నటి లోహపు పట్టీలున్నాయి. అన్నాళ్లూ అవి నా కంటపడనే లేదు. "ఇవే దీని వేళ్లు" అన్నారు. "తడిబట్ట రెండింటికీ ఒకేసారి తగిలితే ఇంకా తడుందని తెలుస్తుంది. తగల్లేదనుకో, ఆరిందనుకుంటుంది." గోటితో గీరితే తెల్లటి పొర లేచింది. వాసన చూసి పకపకా నవ్వారు.

"ఏమయ్యా, చీరలకి గంజి పెట్టే ఇందులో వేస్తున్నావా?"

"గంజి లేకుండా ఎలాగండీ?"

"బాగుంది! మునసబుగారింట చేరాక మిషను కూడా గంజి పెట్టించుకుంది. ఇంక తడి దానికేం తగుల్తుంది?"

ఇంకెవరన్నా ఆ మాటంటే గుమ్మం చూపించేవాణ్ణి. నాకూ నవ్వొచ్చింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి పట్టీలు మెరిసేదాకా నా చేతే తుడిపించారు. "ఒక్క చీరే వేస్తే ఉండ చుట్టుకుని ఓ మూల పడుంటుంది. తోడుగా రెండు తడి తువ్వాళ్లు వెయ్యి" అన్నారు. ఆ పూట చీర పూర్తిగా ఆరాకే మిషను ఆగింది. కానీ టీచరుగారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఇకనుంచి గంజి చీర మాత్రం ఇందులో వెయ్యకు, మళ్లీ మొదటికొస్తుంది" అని చెప్పారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అమ్మ గంజి మానదు. గంజి చీర మిషనులో వెయ్యకూడదు, బాల్కనీలో ఆరెయ్యకూడదు. మా హాల్లో మంచం పోను మనిషి నడిచే చోటే లేదు, ఇంక తాడెక్కడ కడతాం? "అన్నీ పోయాయిరా. మెత్తటి చీర కట్టుకుని నలుగురికీ కనపడమంటావా?" అంది అమ్మ. నేనూ ఆ ఇంటివాడినే.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. బాల్కనీ తీగ మీద సగం ఆరేసిన చీర వేలాడుతోంది. అమ్మ పందిరిమంచం మీద, ముందుకు వంగి, దాని కోడు పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. టీచరుగారు పక్కన కూర్చుని అమ్మ నోటి దగ్గర మందు గొట్టం పట్టుకున్నారు. "పీల్చండి వదినగారూ. ఇంకొక్కసారి. అంతే, అంతే." నేను అమ్మ పాదాలు పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఊపిరి కుదుటపడ్డాక అమ్మ అడిగిన మొదటి మాట, "చీర నేలకి తగిలిందా?"

టీచరుగారు నన్ను గుమ్మం బయటికి పిలిచారు. "మా హాలు అవతలి వైపుకుంది. కిటికీలు మూస్తే ఘాటు రాదు. ఫ్యాను కింద తాడు కడదాం."

"మా ఇంటి తడిబట్టలు మీ హాల్లోనా? వద్దండి. బాగుండదు."

"ఎందుకు బాగుండదు? మా నాన్న చెమటకి తడిసిన చొక్కా పిండి మీ మిల్లు గోడ మీదే ఆరేసుకునేవాడు. మీ తాతగారు చూసేవారు. ఒక్కనాడూ తియ్యమన్లేదు. వెళ్లి తాడు తీసుకురా."

తెచ్చాను. మేకులు నేనే కొట్టాను.

అప్పట్నుంచి అమ్మ గంజి చీరలు ఎదుటింటి హాల్లో ఆరాయి. ఆదివారం సాయంత్రాలు అక్కడ ప్రార్థనకు చర్చి ఆడవాళ్లు వచ్చేవారు. చీరల కిందే చాప పరుచుకుని కూర్చునేవారు. "ఏంటి టీచరుగారూ, చీరల కొట్టు పెట్టారా?" అని ఒకావిడ అంటే, "నోర్మూసుకుని కళ్లు కూడా మూసుకో, కనపడవు" అన్నారట. అది విని అమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. మరుసటి వారం తన కొంగు సర్దుకుని తనే వెళ్లింది. ప్రార్థనకు కాదు, చీరలు మడతపెట్టడానికి. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చీర లాగుతుంటే గంజి చిటపటమనేది. మా గుమ్మంలోకి వినపడేది.

నేను ఇప్పటికీ బట్టలు వేసే ముందు ప్లగ్గు పీకి, తడిగుడ్డతో ఆ రెండు పట్టీలు తుడుస్తాను. ఆఫీసులో ఎవరన్నా పని అయిపోయిందని చెప్పి, అది కాలేదని తేలితే, గొంతు లేవబోతుంది. వాళ్లకు తడి ఎక్కడ తగల్లేదో ముందు చూడమని ఆమె గొంతు వినపడుతుంది. ప్రతిసారీ ఆగగలుగుతున్నానని చెప్పను. చాలాసార్లు ఆగుతున్నాను.

పోయిన వానాకాలంలో టీచరుగారు చనిపోయారు. అమ్మ బాగా గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని సమాధుల తోటదాకా వచ్చింది. ఎదుటింట్లోకి కొత్తవాళ్లు అద్దెకు దిగారు. మంచివాళ్లే. మేకులు మాత్రం పీకేశారు.

మళ్లీ గాలిలో ఘాటు మొదలయ్యే వేళకు, అమ్మ పందిరిమంచం మీద టీచరుగారు కూర్చున్న చోటే కూర్చుని హాలంతా కలయజూసింది. "తాడు ఈ గోడ నుంచి ఆ గోడకి కడితే చాలదుట్రా?" అంది.

పందిరిమంచం కోళ్లూ పట్టెలూ విప్పించి, చీరాల వ్యాపారికి అమ్మేశాం.