పేజీల్లేని కేసు

ఇంగ్లండ్‌లో, కంబ్రియా సముద్రతీరంలోని ఆ చిన్న ఊళ్ళో, పోలీసులు పట్టుకున్నవాళ్ళ తరఫున నిలబడే వకీళ్ళు ఒకప్పుడు పదకొండుమంది ఉండేవారు. వాళ్ళలో ఒకరైన మార్జరీ ఫియరన్‌కు అరవై దాటేసరికి ముగ్గురు మిగిలారు. మిగతావాళ్ళలో కొందరు రిటైరయ్యారు, కొందరు ఇళ్ళ అమ్మకాల దస్తావేజులు రాసుకునే పనిలోకి మారారు. మార్జరీ దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేసిన గెయిల్ రెల్ఫ్ కూడా ప్రాసిక్యూషన్ ఆఫీసులో చేరిపోయింది. అక్కడ నెల జీతం, సెలవులు, పెన్షన్ ఉన్నాయి. వెళ్ళేరోజు ఏడ్చింది. మార్జరీ ఆమెను తప్పుపట్టలేదు. తానిచ్చే జీతంతో గెయిల్ ఇద్దరు పిల్లల్ని పెంచడం ఎంత కష్టమో మార్జరీకి తెలుసు.

ఈ పనికి డబ్బిచ్చేది ప్రభుత్వం. స్టేషన్‌కు వెళ్ళి ఒక మనిషిని చూసుకుంటే ఒక ఫీజు. గంటలో తెమిలినా, మూడుసార్లు తిరిగినా అంతే. ఆ రేటు పెరిగి చాలా ఏళ్ళయింది. పెద్ద కోర్టుకు వెళ్ళే కేసుకైతే ప్రాసిక్యూషన్ ఇచ్చిన కాగితాల్లో ఎన్ని పేజీలున్నాయో లెక్కగట్టి ఇస్తారు.

ఆ మార్చిలో కోలిన్ మౌన్సీని పట్టుకొచ్చారు. నలభై ఏళ్ళవాడు, తల్లితో ఉంటాడు, మాట తడబడుతుంది. ఊరిచివర కూరగాయల మళ్ళ దగ్గరున్న పాకకు నిప్పంటించాడని పొరుగు మడివాడు ఫిర్యాదు చేశాడు. కోలిన్ ఏం అడిగినా అవుననేలా ఉన్నాడు. మార్జరీ అతన్ని నోరు విప్పనివ్వలేదు. బెయిలు మీద వదిలారు. మళ్ళీ పిలిచినప్పుడు మళ్ళీ వెళ్ళింది, మూడోసారీ వెళ్ళింది.

"మళ్ళీ వచ్చావా? ఇక్కడే ఓ మంచం వేయించమంటావా?" అన్నాడు ఖైదీల గదుల దగ్గర కూర్చునే సార్జెంటు నెవిల్ డాబ్సన్. పదిహేనేళ్ళ పరిచయం వాళ్ళది.

"మంచం సంగతి తర్వాత. ముందు టీ ఇప్పించు," అంది మార్జరీ.

నిప్పంటుకున్న వేళకు తను బస్సులో ఉన్నానని కోలిన్ ఒకసారి గొణిగాడు. ఏ బస్సో చెప్పలేకపోయాడు. ఆ మధ్యాహ్నం బస్సులు నడిపిన డ్రైవర్లందర్నీ మార్జరీ డిపోకెళ్ళి అడిగింది. ఒకాయనకు గుర్తుంది, చిల్లర నాణేలన్నీ అరచేతిలో పరిచి చూపించినవాడు కదా అన్నాడు. బస్సు కెమెరాలో కోలిన్ స్పష్టంగా కనిపించాడు. కేసు అక్కడితో మూసేశారు. మొత్తం తొమ్మిది గంటల పని, ఒక్క ఫీజు.

వేసవిలో, ఈ ఫీజుల్ని ఎలా సంస్కరించాలో పరిశీలించే సంఘం తరఫున రోజలిండ్ ఆష్‌వర్త్ అనే అధికారిణి వచ్చింది. మార్జరీ రెండు వారాల పని గంటలు రాసిన కాగితాన్ని ఆమె ముందు పెట్టి, కోలిన్ సంగతి చెప్పింది.

"నేను బస్సు డిపోకి వెళ్ళకుండా ఊరుకుని, అతని మీద కేసు నడిచి, వెయ్యి పేజీలు తయారై ఉంటే మీరు నాకు ఎన్నో రెట్లు ఇచ్చేవాళ్ళు. ఒక్క పేజీ కూడా లేకుండా చేశాను కాబట్టి ఇంతే ఇచ్చారు. కడుపు నిండాలంటే మనిషి మీద కేసు పడాలి. దాన్ని మార్చండి."

"మరి మీరెందుకు వెళ్ళారు?" అనడిగింది ఆష్‌వర్త్, రాయడం ఆపి.

"అతను చెయ్యలేదు కాబట్టి."

ఆ సంఘం నివేదిక వచ్చాక ప్రభుత్వం ఏడాదిపాటు ఏమీ చెప్పలేదు. లండన్‌లో వకీళ్ళు నల్లగౌన్లతో కోర్టుల ముందు నిరసనగా నిలబడ్డారు. ఆఖరికి స్టేషన్ ఫీజు కొంత పెంచారు. పేజీల లెక్కను మాత్రం ముట్టుకోలేదు. అది తర్వాత చూస్తామన్నారు.

పెరిగిన డబ్బుతో ఒక మనిషిని పెట్టుకోవచ్చని మార్జరీ ప్రకటన ఇచ్చింది. మూడు నెలలు ఎవరూ రాలేదు. నాలుగో నెలలో నెవిల్ వచ్చాడు. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై, స్టేషన్లో వకీలు తరఫున కూర్చునేందుకు కావలసిన పరీక్షలు పాసయ్యానన్నాడు.

"జీతం ఎంతో చూశావా?" అంది.

"చూశాను. నాకు పోలీసు పెన్షన్ ఉంది కాబట్టి సరిపోతుంది. లేకపోతే ఈ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు."

మార్జరీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఇంకెక్కడో బతుకుతెరువున్నవాడే చేయగలిగిన పనైపోయిందా తన పని అనిపించింది. అయినా అతనికి పనిచ్చింది.

నెవిల్ బాగానే చేశాడు. మొదట్లో ఖైదీలు అతన్ని చూసి జడుసుకునేవారు, తర్వాత అలవాటుపడ్డారు. వారానికి మూడురోజులు అతను వెళ్ళడంతో మార్జరీ, ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న మోకాలి ఆపరేషన్ చేయించుకుంది. ఆస్పత్రి మంచం మీదినుంచే పేజీల లెక్క గురించి ఆష్‌వర్త్‌కు ఇంకో ఉత్తరం రాసింది. అందిందని జవాబొచ్చింది.