ఎర్కోలె బొనిఫాజి ఎవర్నీ చావనివ్వడు

మా నిర్మాత ఎర్కోలె బొనిఫాజికి ఒకటే జబ్బు: తెర మీద ఎవర్నీ చావనివ్వడు.

రోమ్‌లో కత్తియుద్ధాల సినిమాలు జోరుగా ఆడే రోజుల్లో ఆయనా ఒకటి తీశాడు. అందులో రెండు సైన్యాలు సాయంత్రం దాకా నరుక్కుని, కుంటుకుంటూ ఇళ్లకు వెళ్లిపోయాయి. తర్వాత కౌబాయ్ సినిమాలు తీశాడు. తూటా ఎటు పేల్చినా భుజానికే తగిలేది. "భుజాల డాక్టర్లు ఈయనకు గుడి కట్టాలి" అని ఓ పత్రిక వెటకారం చేసింది. ఆయన అది పొగడ్త అనుకుని పటం కట్టించుకున్నాడు.

టీవీ సీరియల్ మొదలెట్టాక రాసే పని నాకిచ్చాడు. ఒకసారి విలన్‌ను కొండ మీంచి తోశాను.

"కింద ఏముంది?"

"సముద్రం, సార్."

"గడ్డిబండి పెట్టమ్మా."

"సముద్రంలో గడ్డిబండేమిటండీ?"

"పడవలో తీసుకెళ్తున్నారు. నీకు బొత్తిగా ఊహ లేదు, లుచిల్లా!"

సీరియల్‌లో తాత వేషం ఒట్టోరినోది. ఉన్నట్టుండి తాతను కోమాలోకి పంపమన్నాడు బొనిఫాజి. పంపాను. రెండేళ్లయినా లేవనివ్వడు, పోనివ్వడు. ఛానల్ పెద్దావిడ తొంబొలీనికి ఒళ్లు మండింది.

"ఈ వారం ముసలాయన పోవాలి. లేదా సీరియల్ పోతుంది!"

చావు సీను రాసి, ఒట్టోరినోకు నేనే చెబుదామని స్టూడియోకు వెళ్లాను. ఆయన ఆస్పత్రి సెట్లో, మంచం మీద ఉన్నాడు. పక్కన బొనిఫాజి.

"ఇవాళ నా డైలాగేమిట్రా, ఎర్కోలె?"

"నీకు డైలాగుల్లేవురా. కోమాలో ఉన్నావు."

"అమ్మయ్య! మర్చిపోయాననుకున్నా."

నన్ను చూసి బొనిఫాజి పక్కకొచ్చాడు. "వాడికి మాట గుర్తుండట్లేదమ్మా. ఇంట్లో కూర్చోబెడితే నటుణ్నన్న సంగతీ మర్చిపోతాడు. ఇక్కడికైతే గడ్డం గీసుకుని మరీ వస్తాడు. అయినా, చచ్చినవాడికి మర్నాడు వేషమెవడిస్తాడు? ఆ కత్తియుద్ధాల్లో సైనికుల వేషాలేసిన వాళ్లకైనా అంతే."

రాసిన కాగితాలు వెనక దాచుకున్నాను. సీను మాత్రం ఆగలేదు. తొంబొలీని స్వయంగా చూడటానికొచ్చి కూర్చుంది.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మనవరాలు మంచం మీద పడి భోరుమంది. ఒట్టోరినో కళ్లు తెరిచి, ఆ పిల్ల తల నిమిరాడు.

"ఎందుకే ఏడుస్తావు? నాకు బానే ఉంది. ఏమైనా తిన్నావా?"

డాక్టరు వేషగాడు స్టెతస్కోపు జారవిడిచాడు. ఎవరూ 'కట్' అనలేదు. తొంబొలీని ముక్కు తుడుచుకుంటూ లేచింది.

"ఇది ఉంచండి. ముసలాయన బతికాడు. మరి వచ్చేవారం ఏం చేస్తాడట?"

బొనిఫాజి తడుముకోలేదు.

"మళ్లీ కోమా!"