కారుకు తలంటు

మొన్న మా మనవరాలు తన కొత్త కారులో నన్ను నారాయణపేటకు తీసుకుపోతూ, కొత్తకోట దాటిన కాసేపటికి స్టీరింగు పక్కన ఏదో బొత్తాం నొక్కి, ఇప్పుడు బండి మెత్తగా పోతుందవ్వా, ఇంకోసారి నొక్కితే రేసు బండిలాగా బిర్రుగా అవుతుంది అని గొప్పగా చెప్పింది. నేను తలూపాను గానీ, నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఆ బొత్తాం చేసే పనిని ఒకప్పుడు మా ఆయన పానా పట్టుకుని బండి కింద వెల్లకిలా పడుకుని, నేను ఒడిలో చెంబు పెట్టుకుని చేసినవాళ్లం మరి.

మా ఆయన కొత్తకోటలో డాక్టరు. పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు, పట్నం వదిలి పోతున్న ఎవరో పెద్దమనిషి దగ్గర రెండు సీట్ల రేసు కారు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి పైకప్పు లేదు, తలుపులు మోకాలెత్తు కూడా లేవు. మా మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి "గిది బండేనారా? కుడితి తొట్టికి చక్రాలు పెట్టినట్టుంది" అన్నాడు. నాకు మాత్రం ఆ తొట్టి దేవుడిచ్చిన వరమే అయింది. మా తల్లిగారిది నారాయణపేట. నాయిన పోయాక, చూపు ఆనని మా అమ్మ అక్కడ ఒక్కతే ఉండేది. కారు రాకముందు పండుగకో పబ్బానికో ఎడ్లబండి కడితేనే నేను ఆమె ముఖం చూడడం. కారు వచ్చాక, ఆదివారం దవాఖాన తలుపు వేయగానే మా ఆయన నన్ను ఎక్కించుకుని బయలుదేరేవాడు.

ఆనాటి రోడ్ల సంగతి నా ఈడువాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. కంకర తేలి, వానకు కోసుకుపోయి ఉండేవి. ఆ కారుకు ప్రతి చక్రం దగ్గరా స్ప్రింగు ఊపును ఆపడానికి గుండ్రటి చెక్క బిళ్లలు, వాటి నడుమ ఒక నట్టు ఉండేవి. నట్టు బిగిస్తే బిళ్లలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని బండి బిర్రుగా నిలిచేది, వదిలితే మెత్తబడేది. ఎంత బిగించాలో చూడడానికి మేమొక ఉపాయం పట్టాం. నిండు చెంబు నా ఒడిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. నీళ్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటే మరీ వదులు, చిటచిటా పైకి ఎగిరితే మరీ బిగువు, ఒక్కసారి ఒరిగి నిలబడితే సరిగ్గా కుదిరినట్టు. ఆ రోజుల్లో నా చీర కుచ్చిళ్లు ఆరిన ఆదివారం లేదు.

ఇలా ఉండగా, పట్నం అవతల పాత విమానాల మైదానంలో కార్ల పందెమని తెలిసి మా ఆయన పేరిచ్చి వచ్చాడు. మామకు చిర్రెత్తింది. "గెలిస్తె ఉంచుకో. ఓడితె గా తొట్టిని అమ్మి ఫట్‌ఫటి కొనుక్కో, డాక్టరుకు గది చాలు" అని తేల్చేశాడు. ఫట్‌ఫటి మోటారుసైకిలు మీద కోడల్ని కూర్చోబెట్టుకుని తిరగడానికి ఆ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? మా ఆయన ఓడితే మా అమ్మ మళ్లీ పండుగ దాకా నా కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసిందే.

బయలుదేరిన పొద్దున మా అత్త నా చెయ్యి పట్టుకుని "చక్రాల కాడ కిర్రుకిర్రుమంటున్నది బిడ్డా, దండిగ కందెన పెట్టిన, ఇగ నున్నగ పోతది" అంది. బండి పందానికి పోతుంటే ఇరుసుకు ఆముదం, బూడిద కలిపిన కందెన పెట్టకుండా పంపే ఇల్లు కాదు మాది. కొడుకు మీద ప్రేమతో ఆమె చేసిన పని ఎంత పని చేసిందో పట్నం దారిలో అడ్డాకుల చేరేలోపే తెలిసింది. బండి తాడు తెంపుకున్న లేగదూడలాగా గంతులేయసాగింది. మా ఆయన దిగి నట్టు ఎంత బిగించినా లాభం లేకపోయింది. పట్టు నిలవాల్సిన చెక్క బిళ్లలే కందెనలో జారిపోతున్నాయి. ఆయన రోడ్డు పక్కన కూలబడి, ఇక అమ్మిన బండే అనుకో అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది, ఆ వెంటనే మూటలో ఉన్న కుంకుడుకాయలు గుర్తొచ్చాయి. పందెం రోజు పొద్దున ఆయనకు తలంటు పోయాలని తెచ్చినవి. జిడ్డు తలకు వాడేది జిడ్డు చెక్కకు మాత్రం ఎందుకు పనికిరాదు? దగ్గరలో మోట బావి కనబడితే అక్కడికి పోయి, కాయలు ఉడకబెట్టడానికి రైతు భార్యను పొయ్యి అడిగాను. ఆమె కుంకుడు రసం నురగ చూసి "తలంటు ఎవలికమ్మా?" అంది. కారుకని చెప్తే నవ్వలేక బావి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమే తన బూడిద తెచ్చి, మా ఆయన విప్పి తెచ్చిన బిళ్లలను నాతో పాటు తోమింది. బండ మీద ఎండబెట్టి, గరుకు రాయితో రుద్ది, పొద్దు వాలకముందే మళ్లీ బిగించాం.

పందానికి ముందు మైదానంలో ఒక చుట్టు తిప్పి చూశాం. మా ఆయన ఉత్సాహం కొద్దీ నట్లు బిర్రుగా బిగించేశాడు. సిమెంటు పగిలిన మలుపులో చెంబు నీళ్లు నా ముఖాన కొట్టాయి. "ఎనుకవి జర వదులు చెయ్యుండ్రి, బండి నేలను పట్టుకుంటలేదు" అన్నాను. ఆయన పానా తీశాడు. మరుసటి చుట్టుకు నీళ్లు ఒక్కసారి ఒరిగి నిలబడ్డాయి.

పందెంలో నేను తాడు అవతల నిలబడి చూశాను. తిన్నని దారిలో పెద్ద కార్లు మా తొట్టిని దాటిపోయేవి, ఆ పగిలిన మలుపు రాగానే ఎగిరెగిరి పక్కకు జరిగేవి, మాది మాత్రం నేలకు అతుక్కుని వాటి లోపలి నుంచి దూసుకువచ్చేది. చివరి మలుపులో మా ఆయన అందరికంటే ముందు కనబడ్డప్పుడు నేను కోడలినన్న సంగతి మరిచి కేక పెట్టాను. నా వెనుక అంతకంటే పెద్ద కేక వినబడి తిరిగి చూస్తే, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చిన మా మామ, రుమాలు విప్పి గాలిలో తిప్పుతున్నాడు. కందెన కథంతా విని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "అమ్ముడు లేదు ఏం లేదు. మీ అమ్మ కాడికి పో బిడ్డా. గాని కందెన డబ్బ మీ అత్తకు అందకుంట పెట్టు" అన్నాడు.

ఇంటికి రాకముందే నట్లు వదులు చేయించి, అట్నుంచటే నారాయణపేట పోయాం. మా అమ్మను నా సీట్లో కూర్చోబెట్టి, ఒడిలో చెంబు పెట్టి, బజారంతా తిప్పుకొచ్చాడు మా ఆయన. దిగాక ఆమె తడుముకుంటూ చెంబులో వేలు ముంచి, నీళ్లు అంచు దాకా ఉన్నాయని తెలిసి, నవ్వుతూ నా చెంప తడిమింది.

ఇప్పుడు రోడ్లు అద్దాల్లా ఉన్నాయి, కార్లలో నీళ్ల సీసాలకు మూతలున్నాయి. మనవరాలు చూస్తుండగా నేను మూత తీసి సీసాను ఒడిలో పెట్టుకున్నాను. నీళ్లు ఒక్కసారి ఒరిగి నిలబడ్డాయి. ఎట్లుందవ్వా అని అడిగింది. సరిగ్గా ఉంది బిడ్డా అన్నాను. బండి అంత చక్కగా నడిచి, ఘడియలో నన్ను మా అమ్మ వాకిట్లో దించింది. వేలు ముంచి చూసేవాళ్లే ఆ ఇంట్లో లేరు.