అన్నయ్యగారి డ్రమ్ములో నా రాయి

మా పక్కింటి అన్నయ్యగారు తెల్లవారుజామున పోయారని పాలవాడు వచ్చి చెప్పాడు. నేను నమ్మలేదు. గోడ అవతల ఆయన రాళ్ల డ్రమ్ము ఎప్పటిలాగే తిరుగుతోంది. డ్రమ్ము తిరుగుతుంటే మనిషి పోవడమేమిట్రా అని కసిరాను. పాపం, పాలు పోసి తల దించుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆయన చెల్లెలు వచ్చినట్టుంది, అవతలినుంచి ఏడుపు వినిపించింది. ఏడుపు కింద డ్రమ్ము చప్పుడూ వినిపిస్తూనే ఉంది.

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, మా మనవరాలు రాస్తోంది. మనిషి పోయాక కూడా ఆ డ్రమ్మును ఆపనివ్వలేదని వీధిలో నన్ను తలో మాటా అంటున్నారు. ముసలిదానికి మతి పోయిందన్న వాళ్లూ ఉన్నారు. నా సంగతి నేను చెప్పుకోవాలి. అంతకంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఆయన ఏలూరులో తివాచీలు నేసి పిల్లల్ని పెంచిన మనిషి. కళ్లు మందగించి మగ్గం దిగారు గానీ చేతులు ఊరుకుంటాయా? ఆయన చెల్లెలి కొడుకు సౌదీలో లారీ తోలేవాడు. ఒకసారి ఎడారి దారిలో లారీ ఆగిపోతే, పక్కనే గాజు పెంకుల్లా మెరుస్తున్న నల్లరాళ్లు కనిపించాయట. మేనమామకు ముచ్చటగా ఉంటాయని రెండు ఏరి తెచ్చాడు. ఆ రెండూ చూసి ఈయన, వచ్చేసారి సంచీ నిండా తెమ్మన్నారు. వాడు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ వాణ్ణి ఏడిపించారు. "అత్తరు తెస్తాడనుకుంటే మామకు కంకర తెచ్చాడు" అని వాళ్లమ్మ మా అరుగు మీద కూర్చుని నెత్తి కొట్టుకుంది.

అగ్నిపర్వతంలో రాయి కరిగి, చల్లారి అయిన గాజట అది. అబ్సిడియన్ అంటారట. నాకు నోరు తిరగక నల్లగాజు అన్నాను. ఆయన కూడా చివరిదాకా నల్లగాజనే అన్నారు.

ఆ రాళ్లను నున్నగా మెరిపించడానికి, పాత వెట్ గ్రైండర్ మోటారుకు బెల్టు తగిలించి, లోపల లారీ ట్యూబు రబ్బరు అతికించిన డ్రమ్ము ఒకటి తయారు చేశారు. అందులో రాళ్లు, నీళ్లు, గరుకుపొడి పోసి మూత బిగిస్తే రాత్రీ పగలూ తిరగాల్సిందే. వారం దాటాక తీసి, కడిగి, మెత్తటి పొడి. ఆ తర్వాత ఇంకా మెత్తటి పొడి. చివర మెరుగుపొడి. మధ్యలో ఏ రాయికైనా చిన్న పెచ్చు ఊడిందా, అది మళ్లీ మొదటి గరుకుపొడికి వెళ్లాల్సిందే. వెళ్లిన ప్రతిసారీ కొంత అరిగి చిన్నదవుతుంది.

ఆ చప్పుడు మీద మొదటివారమే దెబ్బలాటకు వెళ్లాను. మా గోడకు ఆనించి పెట్టారు మరి. మా కిరాణా కొట్లో కూర్చుని పప్పు తూచేటప్పుడు కూడా చెవిలో గరగరలాడేది. ఆయన నా మాటలన్నీ విన్నారు. తర్వాత ఒక నల్లపెచ్చు చేతికిచ్చి, అంచు ఎండకి పట్టి చూడండమ్మా అన్నారు. పట్టాను. అంత నల్లటి రాయి అంచు దగ్గర పలచటి టీ రంగులో వెలుగుతోంది. తిట్టడానికి ఇంకా చాలా మాటలు దాచుకుని వెళ్లాను, ఒక్కటీ గుర్తు రాలేదు. మర్నాటికి డ్రమ్మును గోడకు దూరంగా జరిపారు. గోనెపట్టా కూడా వేశారు.

గాజు కదా, రాళ్లు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడేవి. మా గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ పూసల తెర తెగిపోతే, పారెయ్యొద్దని అడిగి తీసుకున్నారు. రాళ్ల మధ్యలో ఆ పూసలు పోశారు. పెచ్చులు తగ్గాయి. "గట్టివాళ్లిద్దర్ని ఒకచోట ఉంచాలంటే మధ్యలో మెత్తటిది ఏదో ఒకటి పొయ్యాలి చెల్లెమ్మగారూ" అనేవారు. కుళాయి దగ్గర నేను ఎవరితోనైనా గొంతు పెంచితే చాలు, గుమ్మంలోకి వచ్చి, పూసలు కావాలా అండీ అని అడిగేవారు. నవ్వొచ్చి నా కోపం చెడిపోయేది.

రాళ్లు కడిగిన బూడిదనీళ్లు కాలవలో పోసేవారు కాదు. గట్టిపడి కాలవ మూసుకుపోతుందని, జామచెట్టు పక్కన గొయ్యి తీసి అందులో పోసేవారు. ఆయన ఇబ్బంది పడేవారు గానీ వీధిని ఇబ్బంది పెట్టలేదు. ఈ సంగతి ఇప్పుడు మాట్లాడేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఒకసారి ఆ సంచీలో నిమ్మకాయంత రాయి దొరికింది ఆయనకు. తడిపి తిప్పితే లోపల వెండిపొర కదిలేది. నాది కొల్లేటి లంక. తెల్లారకముందు దోనెలో వెళ్తుంటే మా నీళ్లు అచ్చం అలాగే ఉండేవి, నల్లగా, లోపలెక్కడో వెండిగా. ఇప్పుడక్కడ చేపల చెరువుల గట్లే. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన రాయిని కాసేపు తిప్పి చూసుకుని, "అయితే ఇది మీదమ్మా" అన్నారు.

అప్పట్నుంచి సాయంత్రం కొట్టు కట్టేసి గోడ దగ్గరికి వెళ్లి, అయిందా అండీ అని అడగడం నాకు అలవాటయింది. ఇంకా కాలేదనేవారు. ఆ తర్వాత ఏవో మాటలు సాగేవి. వాళ్ల ఆవిడ పోయాక, మా ఆయన పోయాక, ఇద్దరికీ రోజు మొత్తం మీద మాటలంటే అవే. ఇంజెక్షన్ చేసే నర్సమ్మకు రాయిచ్చారు. చివరికి పాలవాడికీ ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది.

"పాలవాడిది అయిపోయిందా? నాది కాలేదా?"

"మీది మొండిదండీ."

"నాలాగేనంటారు."

"నేననలేదండీ, మీరే అన్నారు."

ఆయన పోయే ముందురోజు కూడా అడిగాను. మళ్లీ గరుకుపొడిలో వేశానమ్మా, చూద్దాం అన్నారు. అదే ఆఖరి మాట.

మట్టి చేసి వచ్చాక ఆయన కొడుకు డ్రమ్ము ప్లగ్గు పీకాడు. తాడేపల్లిగూడెంలో ఉంటాడు, మంచి పిల్లాడు. ఇల్లు అద్దెది, తాళం ఇచ్చెయ్యాలి, సామాన్లు పాత ఇనప కొట్టుకు వేసేద్దామనుకున్నాడు. నేను వెళ్లి ప్లగ్గు మళ్లీ పెట్టాను. చావు ఇంట్లో ఈ గోలేమిటని వీధివాళ్లు వచ్చారు. నా రాయి అయ్యేదాకా ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదన్నాను. అబ్బాయి తల వంచుకుని, సరే అత్తయ్యగారూ, శుక్రవారం నమాజుకు వస్తాను, అప్పుడు తీసి చూద్దామండీ అన్నాడు.

వచ్చాడు. అరుగు మీద ఇద్దరం కూర్చుని మూత తీశాం. బూడిదనీళ్లు గోతిలో పోశాడు. పూసల్లోంచి రాళ్లు ఒక్కొక్కటీ తీసి కడిగాను. ఎక్కడా నిమ్మకాయంతది లేదు. నేరేడుపండంతది మాత్రం ఒకటి ఉంది. తడితడిగానే ఎండకి పట్టి తిప్పాను. లోపల వెండిపొర కదిలింది. నా రాయే. చుట్టూ వేలు పెట్టి తడిమాను. ఎక్కడా పెచ్చు లేదు, గంటు లేదు. ఒక్క పెచ్చుకు అంత అరగదు. ఎన్నిసార్లు పూర్తయి ఉంటుందో, ఎన్నిసార్లు మళ్లీ గరుకుపొడిలో పడేసి ఉంటారో ఆ మహానుభావుడు.

"అయిందా అత్తయ్యగారూ?" అన్నాడు అబ్బాయి.

రాయిని పూసల్లో వేశాను. నీళ్లు పోశాను. మూత బిగించాను.

"ఇంకా కాలేదు నాయనా" అన్నాను.

అబ్బాయి నా మొహం చూశాడు. డ్రమ్మునూ మోటారునూ ఎత్తుకొచ్చి మా అరుగు మీద పెట్టి, గోనెపట్టా తనే వేసి వెళ్లాడు. ఇప్పుడది నా కరెంటుతో, నా అరుగు మీద తిరుగుతోంది. చప్పుడనిపించిన వాళ్లు వచ్చి నాతో చెప్పండి, మాట్లాడుకుందాం.

సాయంత్రం కొట్టు కట్టేశాక కాళ్లు వాటంతటవే గోడ దగ్గరికి వెళ్తాయి. అవతల ఖాళీ అరుగు, దాని మీద రాలిన జామాకులు. నా వెనక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది.